సముద్రం అడుగున ఒక సహోదరుడు

ఎల్బీనగర్,
సోమవారం.

ప్రియమైన తమ్ముడు ఎబినేజర్‌కు,

నీ మీదా, నీ కింద ఉన్న నీళ్ళ మీదా దేవుని చేయి ఉండాలని కోరుతూ అక్క రాస్తున్నది.

మన ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళినా చేరగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. హయత్‌నగర్ దాకా వెళ్ళినా ఇవ్వాలి. మీ బావ సరూర్‌నగర్‌లో షాపు తెరవగానే ఇస్తారు. నువ్వు విశాఖపట్నంలో ఓడ ఎక్కేటప్పుడు ఒకటి ఇచ్చావు, అంతే. ఆ తరువాత నా ఫోను మోగలేదు. స్నానానికి వెళ్ళినా ఫోను కిటికీలో పెట్టుకునే వెళ్తున్నాను.

చివరికి భయం ఆపుకోలేక మీ ఆఫీసుకు ఫోను చేశాను. అక్కడి అమ్మాయి మంచిది. "ఓడలో సిగ్నల్ ఉండదమ్మా. మీరు ఉత్తరం టైపు చేసి మాకు మెయిలు పంపండి, రోజుకొకసారి ఓడకు పంపిస్తాం. ఫోటోలు కుదరవు, అక్షరాలు మాత్రమే" అంది. పదో తరగతి పరీక్షల తరువాత నేను ఇంత పొడుగ్గా రాయడం ఇదే.

నువ్వు చేసే పని ఏమిటో నాకు ఇంతవరకు తెలియదు. ఎవరైనా అడిగితే "సముద్రంలో నీళ్ళు ఎంత జోరుగా పోతాయో కొలుస్తాడు" అంటాను. "ఎట్ల కొలుస్తడు?" అని అడిగితే టీ పెట్టడానికి లేస్తాను. అది కాస్త వివరంగా రాయి. సరూర్‌నగర్ చెరువు పొంగి మన సందులోకి మోకాలు లోతు నీళ్ళు వస్తే రెండు రోజులు మంచం దిగని పిల్లవాడివి నువ్వు. నీకు ఈత కూడా రాదు. అలాంటివాడు సముద్రం మధ్యలో ఏం చేస్తున్నాడో తెలియక నాకు అన్నం దిగడం లేదు.

నీ కోసం కిటికీలో ఫోను పెట్టుకున్న
అక్క, కాంతమ్మ

తా.క. ఓడకు ఎన్ని తలుపులు ఉంటాయి? పడుకునే ముందు అన్నీ వేస్తారా? ఎవరు వేస్తారో వారి పేరు రాయి.

*

బంగాళాఖాతం,
ఓడ మీద నుంచి.

అక్కకు,

కదిలే బల్ల మీద కూర్చుని కదలకుండా రాయాలని చూస్తున్న తమ్ముడి వందనాలు.

నేను క్షేమం. తలుపులు వేస్తారు. వేసే ఆయన పేరు దశరథ.

ఇక నా పని. మూడు పాత రైలు చక్రాలను గొలుసుతో కలిపి కడతాం. అది బరువు. దానికి పొడవైన ఉక్కు తాడు. తాడు పై కొసన పసుపుపచ్చని పెద్ద బంతులు. బరువు కిందికి లాగుతుంది, బంతులు పైకి లాగుతాయి, తాడు నీళ్ళలో నిలువుగా నిలబడుతుంది. మా పరికరం ఆ తాడుకే ఉంటుంది. అది బ్యాటరీ మీద ఏడాది పొడవునా నీళ్ళలోకి సన్నటి శబ్దం పంపుతూ ఉంటుంది. నీళ్ళతోపాటు కొట్టుకుపోయే నలుసులకూ పురుగులకూ తగిలి ఆ శబ్దం తిరిగి వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడితే, బస్సు మన వైపు వచ్చేటప్పుడు హారన్ ఒక రకంగా, దాటి వెళ్ళేటప్పుడు ఇంకో రకంగా వినబడదూ? అదే లెక్క. తిరిగి వచ్చిన శబ్దం మారిన తీరును బట్టి, నీరు ఎటు పోతోందో ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది.

ఏడాది తరువాత మళ్ళీ అక్కడికే వెళ్ళి ఓడ మీద నుంచి శబ్దంతోనే పిలుస్తాం. అడుగున, బరువుకు కొంచెం పైన, ఒక కొక్కెం ఉంటుంది. అది ముందు "ఉన్నాను" అని శబ్దంతో పలుకుతుంది. "వదిలెయ్" అని ఇంకో శబ్దం పంపితే విప్పుకుంటుంది. చక్రాలు అక్కడే ఉండిపోతాయి, మిగతాదంతా పైకి తేలుతుంది.

పోయిన ఏడాది ఒడ్డున ఆ కొక్కెం సరిచూసి బిగించినది నేనే. ఇప్పుడు ఆ పరికరాన్ని తెచ్చుకోవడానికే వెళ్తున్నాం. ఓడలో వాడికి బావ పేరే పెట్టాను, కొమరయ్య అని. మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు కాబట్టి. బావకు చెప్పకు.

ఇట్లు, మంచం దిగిన
తమ్ముడు ఎబినేజర్

తా.క. ఇందులో ప్రమాదం ఏమీ లేదు. డెక్ మీద చుట్టగా ఉన్న తాడు మధ్యలో కాలు పెట్టకూడదు, అంతే. చక్రాలు నీళ్ళలోకి దూకినప్పుడు తాడు కూడా వాటి వెంట పోతుంది.

*

ఎల్బీనగర్,
బుధవారం.

ప్రియమైన తమ్ముడికి,

నీకు రెండు కాళ్ళూ ఉన్నాయని తలచి అక్క రాస్తున్నది.

"అంతే" అని రాశావు. ఆ మాట దగ్గరే నేను నిన్నటి నుంచి ఆగిపోయాను. ఇంతవరకు ఎవరైనా ఆ చుట్టలో కాలు పెట్టారా? పెట్టకపోతే ఆ సంగతి మీకు ఎలా తెలిసింది?

ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను, పేరు ఉన్న చోటు వదిలేసి. బోరు మోటార్లు బాగుచేసే మనిషి కదా, చేతిలో స్క్రూ డ్రైవరు పక్కన పెట్టి మరీ విన్నారు. విని ఏమన్నారో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పైన తాడే లేకుంట ఇడిసిపెట్టిన్రా? గిదేం పనే! బోర్ల మోటరు దింపినంక తాడు పైన పైపుకు గట్టకుంటె మల్ల దాని మొకం జూస్తమా? నేను గిట్ల జేస్తే సరూర్‌నగరోళ్ళు మోటరెనుక నన్ను గూడ దింపుతరు."

"పిలిస్తే పలుకుతుందట" అన్నాను.

"పలకకుంటే?"

"పలకకపోతే ఎవరిని అడుగుతారు?"

"ఎవరు బిగించిండో ఆయన్నే అడుగుతరు. ఇంకెవరినడుగుతరు?"

రేపు దిల్‌సుఖ్‌నగర్ గుడిలో మా స్త్రీల సహవాసం కూడి ప్రార్థన చేస్తుంది. ప్రార్థన చీటీ వేద్దామంటే అక్కడ రెండు నియమాలు. చీటీలో పేర్లు రాయకూడదు. వస్తువుల కోసం ప్రార్థన అడగకూడదు. పోయిన నెల అరుణ తన స్కూటీ స్టార్ట్ కావడం లేదని చీటీ వేస్తే, సహవాసం నడిపించే పుష్పలతమ్మ గారు అందరి ముందూ, "దేవుడు మెకానిక్కా సిస్టర్?" అన్నారు. అరుణ ఏడ్చినంత పని అయింది. ఏం చేయాలో తోచడం లేదు.

నీ కాళ్ళ కోసం ప్రార్థిస్తున్న
అక్క

తా.క. ఆ చక్రాలు ఏ రైలువి? ఆ రైలు ఇప్పుడు ఎలా ఉంది?

*

బంగాళాఖాతం.

అక్కకు,

కాళ్ళు రెండూ ఉన్న తమ్ముడి వందనాలు.

నిన్న ఆ చోటికి చేరాం. మా కింద ఉన్న లోతు నీకు ఎలా చెప్పను? దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ నుంచి విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాకా ఉన్న దూరాన్ని నిలువుగా నిలబెట్టు. అంత. పైకి మాత్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది.

పిలిచాం. పలకలేదు.

మధ్యాహ్నం మళ్ళీ పిలిచాం. సాయంత్రం కొంచెం పక్కకు జరిగి పిలిచాం. హెడ్‌ఫోన్లు నా చెవులకే ఉన్నాయి. ఓడ రొద తప్ప ఏమీ లేదు. మా పెద్ద శాస్త్రవేత్త సింధు మేడమ్ నా వైపు చూశారు. నేను కొక్కెం బిగించిన రోజు రాసిన కాగితం తీసి చదువుకున్నారు. తిడితే బాగుండేది.

నీ దగ్గర దాచి ఏం లాభం? నా కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతుంది. వాడు పైకి వస్తే పొడిగిస్తారు. రాకపోతే ఏడాది పాటు సముద్రం చెప్పినదంతా వాడితోనే పోతుంది. బిగించినవాడి చేతిలోనే లోపం ఉందని కాగితం మీద ఎవరూ రాయరు. కానీ ఇంకో ఓడ నన్ను ఎక్కించుకోదు. నాకు తెలిసిన పని ఇదొక్కటే అక్కా.

రేపు మళ్ళీ పిలుస్తాం.

తమ్ముడు

తా.క. బావకు షాపులో మనిషి కావాలా? ఊరికే అడుగుతున్నాను.

*

ఎల్బీనగర్,
శుక్రవారం.

ప్రియమైన తమ్ముడికి,

ధైర్యం నీకు పంపి, తన దగ్గర ఏమీ మిగుల్చుకోని అక్క రాస్తున్నది.

నిన్న సహవాసానికి బయలుదేరుతుండగా నీ ఉత్తరం అందింది, చీటీ వేశాను. నియమం తప్పలేదు. అబద్ధమూ రాయలేదు. ఇదిగో, చూడు: "ఒకరు ఏడాది క్రితం సముద్రంలోకి దిగి ఇంకా అడుగునే ఉన్నారు. పిలిస్తే పలకడం లేదు. ఆయన క్షేమంగా పైకి రావాలి. వస్తేనే ఒక కుటుంబం నిలబడుతుంది." ఇందులో నిజం కానిది ఏముంది? "అది" అని రాస్తే వస్తువు అని తెలిసిపోతుందని "ఆయన" అని రాశాను. పెద్దమనిషి పేరు పెట్టుకున్నావు కదా, మర్యాద ఇస్తే తప్పేముంది అనుకున్నాను.

పుష్పలతమ్మ గారు చీటీ తీసి, "సముద్రం అడుగున ఉన్న ఒక సహోదరుని గురించి" అంటూ మొదలుపెట్టారు. ఆ సహోదరుడనే మాట నేను రాయలేదు తమ్ముడూ. చదివేటప్పుడు దానంతట అదే వచ్చి కూర్చుంది. సగం చదివి ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అందరూ చుట్టూ చేరారు. వాళ్ళకు నా ముఖం చూస్తేనే తెలిసిపోయింది, చీటీ నాదేనని.

"ఏడాదాయెనా కాంతమ్మక్కా! ఏం తింటుండు పాపం?" అంది అరుణ.

"ఏడాదికి సరిపడా బ్యాటరీ పెట్టి పంపారు" అన్నాను.

"గాలి ఎట్ల మరి?"

"ఆయనకు గాలి అవసరం లేదు."

"దేవుని కృప!" అన్నారు పుష్పలతమ్మ గారు, రెండు చేతులూ పైకెత్తి.

అప్పుడే చెప్పేయవలసింది. నోరు తెరిచాను. ఈలోగా ఆమె మోకరించారు. ఆమె వెనక అందరూ. నిలబడి నేనొక్కదాన్ని ఏం చెప్పను? నేనూ మోకరించాను. అంత ఏడుపుతో అంత గట్టి ప్రార్థన మా సహవాసంలో నేను ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు నాకు రెండు భయాలు. వాడు పైకి రాడేమోనని ఒకటి. వచ్చాక వీళ్ళు చూస్తామంటారేమోనని రెండోది.

అక్క

తా.క. షాపులో మనిషి అవసరం లేదట. "గాడు రావొద్దు, పని మీదనే ఉండాలె" అని మీ బావ అన్నారు. అని, షట్టరు దించి చాలాసేపు లోపలే కూర్చున్నారు.

*

బంగాళాఖాతం.

అక్కకు,

తల పట్టుకుని రాస్తున్న తమ్ముడి వందనాలు.

నువ్వేం చేశావో నీకు తెలుస్తోందా? వాళ్ళు మనిషి అనుకుంటున్నారు! వెంటనే వెళ్ళి చెప్పు. పుష్పలతమ్మ గారు ఏమన్నా సరే చెప్పు. ఇంకో మాట. ఉత్తరాలన్నీ ముందు కెప్టెన్ ఉపేంద్ర గారి కంప్యూటర్‌లో దిగుతాయి. ఆయన భీమిలి మనిషి, తెలుగు బాగా చదువుతారు. ప్రింటు తీసి మాకు పంచుతారు. నిన్న నాది ఇస్తూ, "ఆయనకి గాలి అవసరం లేదేంటండీ?" అన్నారు. ముఖంలో నవ్వు లేదు.

ఇక్కడ సంగతి బాగాలేదు. ఇవాళ కూడా పలకలేదు. ఓడ ఒక్కచోట నిలబడాలంటే కింద చిన్న పంకాలు తిరుగుతూనే ఉండాలి. ఇంజను రొద, ఆ పంకాల రొద. ఆ రొదలో దోమ పాట వినమన్నట్టుంది నా పని. కాసేపు అన్నీ ఆపించమని సింధు మేడమ్ మూడుసార్లు అడిగారు. కెప్టెన్ గారు ఒప్పుకోలేదు. దక్షిణాన అల్పపీడనం ఉందట, గాలి పెరుగుతోందట. ఇంజను ఆపితే ఓడ ఎటు కొట్టుకుపోతుందో, మళ్ళీ స్టార్ట్ కావడానికి ఎంతసేపు పడుతుందో అని ఆయన భయం. ముప్పైమంది ప్రాణాలు ఆయన చేతిలో ఉన్నాయి. ఆయన్ని తప్పు పట్టలేను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంటే ఆ లోతంతా నా చెవుల్లోకి వస్తున్నట్టు ఉంటుంది అక్కా. నీళ్ళను చూస్తే భయం పోయింది గానీ, వింటే మాత్రం భయంగా ఉంది.

తమ్ముడు

తా.క. వెంటనే చెప్పు. ఇంకెవరికీ తెలియక ముందే.

*

ఎల్బీనగర్,
ఆదివారం.

ప్రియమైన తమ్ముడికి,

ఆలస్యమైపోయిందని చెప్పడానికి సిగ్గుపడుతూ అక్క రాస్తున్నది.

చెప్పడానికే ఉదయం గంట ముందు గుడికి వెళ్ళాను. పుష్పలతమ్మ గారు అప్పటికే అక్కడ ఉన్నారు. ముఖం వాడిపోయి ఉంది. "రెండు దినాల నుంచి నీళ్ళు తప్ప ఏం ముట్టలే కాంతమ్మా. కండ్లు మూసుకుంటే ఆ పిలగాడే కనబడుతుండు" అన్నారు. ఆమె నర్సుగా చేసి రిటైరైన మనిషి, షుగరు ఉంది. చెప్పలేక, బ్యాగులో ఉన్న రెండు బిస్కెట్లు ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను.

మధ్యాహ్నానికి తెలిసింది, హయత్‌నగర్ సంఘంవాళ్ళు కూడా ఉపవాసం మొదలుపెట్టారని. వాళ్ళ వాట్సాప్‌లో ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టేశారు. నేను పుట్టించలేదు.

ఇంకొకటి. నువ్వు కోప్పడకు. అరుణ అందరి దగ్గరా సేకరించి ఒక పార్శిలు కట్టి మీ ఆఫీసుకు కొరియర్ చేసింది. దుప్పటి, స్వెటరు, నిమ్మకాయ పచ్చడి. ఇంతకాలం నీళ్ళలో ఉన్నవాడు పైకి రాగానే చలికి వణుకుతాడని. నాకు తెలిసేసరికి అది వెళ్ళిపోయింది.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు రెండు సంఘాలూ కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రార్థిస్తాయి. ఆ పూట ఓడలో కూడా అందరూ మాటలు మాని, మిషన్లు ఆపి, మౌనంగా ఉండాలని మీకు రాయమన్నారు పుష్పలతమ్మ గారు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

నేను అబద్ధం ఆడలేదు తమ్ముడూ. కానీ అబద్ధం ఆడినవాళ్ళకు కూడా ఇంత భయం వేయదేమో.

అక్క

తా.క. స్వెటరు కొలత తెలియక పెద్ద సైజు కొన్నారట. మీ కొమరయ్యకు భుజాలు ఉంటాయా?

*

బంగాళాఖాతం.

అక్కకు,

పార్శిలు మా ఆఫీసుకు చేరింది. ఆఫీసువాళ్ళు విప్పి చూశారు. పైన చీటీలో, "సముద్రం అడుగున ఉన్న సహోదరునికి, ఓడ ద్వారా అందజేయగలరు" అని ఉందట. గంటలో ఓడకు మెయిలు. "నీటి అడుగున మనిషి ఉన్నట్టు సమాచారం. వెంటనే వివరాలు తెలపండి."

అప్పుడు ఏమైందో విను. కెప్టెన్ గారు సైరన్ మోగించి అందరినీ డెక్ మీద వరస కట్టించి లెక్కపెట్టారు. ఒకరు తక్కువ. మళ్ళీ లెక్కపెట్టారు. ఒకరు తక్కువ. ఎవరో "వంటాయన" అన్నారు. వంటాయన పేరు ప్రసన్నకుమార్. పొద్దున నేను వాడిని రైలింగు దగ్గర గిన్నె కడుగుతుండగా చూశాను. అందరం నీళ్ళ వైపు చూశాం. ఇంతకీ వాడు స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తాల మధ్య నిద్రపోతున్నాడు. దశరథ వెళ్ళి చెవి పట్టుకుని తెచ్చాడు. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. కెప్టెన్ గారు మాత్రం అందరినీ ఇంకోసారి లెక్కపెట్టారు.

తరువాత నన్ను గదికి పిలిచి, నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి పెట్టారు. "మీ అక్కగారికి ఏం చెప్తారో మీరే చెప్పండి. నా ఓడ మీద ఇంకో పుకారు పుడితే ఊరుకోను" అన్నారు.

అల్పపీడనం ఇటే వస్తోంది. శుక్రవారం సాయంత్రం ఇక్కడి నుంచి వెళ్ళిపోతున్నాం, వాడు పలికినా పలకకపోయినా. ఇంజను ఆపమని ఆయన్ని అడిగే ముఖం నాకు లేదు. సింధు మేడమ్‌కు కూడా లేకుండా చేశాం మనం.

తమ్ముడు

తా.క. ప్రసన్నకుమార్ తాను సముద్రంలో పడలేదని ఇంటికి రాయమంటున్నాడు. వాళ్ళ ఇంట్లో పడ్డాడని ఎవరూ అనుకోలేదని చెప్పినా వినడు.

*

ఎల్బీనగర్,
గురువారం.

కెప్టెన్ ఉపేంద్ర గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం ముందు మీ దగ్గరే దిగుతుందని మా తమ్ముడు రాశాడు. కాబట్టి మొదటి మాటలు మీకే.

బాబూ, తప్పు నాది. వాడిది కాదు. వస్తువు కోసం ప్రార్థన అడిగితే నలుగురిలో నవ్వుతారని భయపడి "ఆయన" అని రాశాను. ఆ చిన్న భయం మీ ఓడ దాకా వచ్చి ఇంత పెద్ద భయం పెట్టింది. వంటాయన కనబడనప్పుడు మీరు ఎంత అల్లాడి ఉంటారో తలచుకుంటే నాకు సిగ్గుగా ఉంది. క్షమించండి.

రేపు మూడు గంటలకు ముందే అందరి ఎదుటా లేచి నిజం చెప్పేస్తాను. వాళ్ళు నన్ను సహవాసంలో ఉంచుతారో ఉంచరో తెలియదు. చెప్పాక కూడా ప్రార్థన చేయమనే అడుగుతాను.

నాకు ఓడల సంగతి తెలియదు. ఇంజను ఆపితే ఏమవుతుందో తెలియదు. మీకు భయం ఉందంటే అది ఉండవలసిన భయమే అయి ఉంటుంది. ప్రమాదం లేదని మీకే అనిపిస్తే, కొద్ది నిమిషాలు ఆపి, మా వాడిని ఒకసారి విననివ్వండి. లేదంటే వద్దు. మీ మీద నాకు ఏ కోపమూ ఉండదు. ముప్పైమందినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చండి.

తమ్ముడూ, నీకు రాయడానికి ఈ పూట ఏమీ మిగలలేదు. భోజనం చెయ్యి.

కాంతమ్మ

తా.క. కెప్టెన్ గారూ, ఆ నిమ్మకాయ పచ్చడి మీరు వాడుకోండి. పాడవుతుంది.

*

బంగాళాఖాతం,
శనివారం.

అక్కకు,

రాత్రంతా నిద్రపోని తమ్ముడి వందనాలు.

నిన్న భోజనాలయ్యాక కెప్టెన్ గారు సింధు మేడమ్‌ను పిలిచి, గాలి కాస్త తగ్గినట్టుంది, ఎన్ని నిమిషాలు కావాలి అని అడిగారు. ఆమె "పది" అన్నారు. "మూడు గంటలకు" అన్నారాయన.

మూడు కొట్టింది. పంకాలు ఆగాయి. తరువాత ఇంజను ఆగింది. ఏసీలు ఆగాయి. వంటగదిలో ప్రసన్నకుమార్ గరిటె కింద పెట్టిన చప్పుడు డెక్ మీదికి వినిపించింది. ఆ తరువాత అది కూడా లేదు. ఇన్ని రోజులుగా మా ఒంట్లోనే ఉన్నదనుకున్న అదురు ఒక్కసారిగా పోతే, అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఓడ నెమ్మదిగా ఒక పక్కకు జరుగుతోంది. ఎంత భయం వేసిందో చెప్పలేను. ముప్పైమంది కదలకుండా నిలబడ్డారు. కొందరు కళ్ళు మూసుకున్నారు. దశరథ చెప్పులు విప్పాడు.

పిలిచాను. ఏమీ లేదు. రెండోసారి పిలిచాను. ఏమీ లేదు.

మూడోసారి, చాలా అడుగు నుంచి, చాలా సన్నగా, టక్. టక్. టక్.

చెయ్యి ఎత్తాను, అంతే. సింధు మేడమ్ హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నారు. విని, కూర్చోబోయి కుర్చీ పక్కన కూర్చున్నారు.

ఇన్నాళ్ళూ వాడు పలుకుతూనే ఉన్నాడు అక్కా. గొంతు బలహీనపడింది. మన రొదలో మనకే వినబడలేదు. "వదిలెయ్" అన్నాం. అరగంట తరువాత అంత దూరంలో నీళ్ళ మీద పసుపుపచ్చని బంతులు ఒక్కొక్కటే తేలాయి. ఒంటి నిండా నాచు, గవ్వలు, ఒక చిన్న పీత. ఏడాది లెక్కంతా లోపల భద్రంగా ఉంది. సింధు మేడమ్ నాతో ఒకటే మాట అన్నారు: "వచ్చే ఏడాది వీడిని దింపేటప్పుడు కూడా బిగించాల్సింది నువ్వే."

కెప్టెన్ గారు మీ సహవాసానికి నమస్కారాలు చెప్పమన్నారు. సరిగ్గా మూడు గంటలకు మీరు చేసిన ప్రార్థన ఏదో రాసి పంపమన్నారు. ఇక మీదట ప్రతి ప్రయాణంలోనూ దాన్ని చదివిస్తారట.

తమ్ముడు

తా.క. పచ్చడి ఆఫీసులో అయిపోయిందట. కెప్టెన్ గారు బాధపడ్డారు.

*

ఎల్బీనగర్,
శుక్రవారం.

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకుని, వారమంతా ఆలోచించి అక్క రాస్తున్నది.

కెప్టెన్ గారు అడిగిన ప్రార్థన రాసి పంపడం కుదరదు. ఎందుకంటే ఆ మూడు గంటలకు మేము ప్రార్థన చేయలేదు.

ఇరవై నిమిషాల ముందు లేచి నిజం చెప్పాను. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత అందరికీ ఒకేసారి అర్థమైంది.

"మిషినా? మిషిని కోసం నేను పస్తులున్ననా?" అని అరుణ.

"స్వెటరు కొన్నం గదనే దానికి!" అని వెనక నుంచి ఎవరో.

"నా స్కూటీకి కుదరదన్నరు, గీ అక్క మిషినికి రెండు సంఘాలు మోకరించినయా?" అని మళ్ళీ అరుణ.

"చీటీల 'ఆయన' అని ఎందుకు రాసినవు కాంతమ్మా?" అని పుష్పలతమ్మ గారు.

"ఇద్దరాడపిల్లలన్నరు గద, ఆళ్ళ సంగతేంది?" అని హయత్‌నగర్‌వాళ్ళు.

నన్ను తీసుకెళ్ళడానికి మీ బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. భయంలో నోరు జారి, ఓడలో దానికి పెట్టిన పేరు కూడా చెప్పేశాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి లోపలికి వచ్చారు. "నా పేరు పెట్టిన్రా? అంటే గిన్ని దినాలు మీరందరు నా కోసమే ప్రార్థన చేసిన్రు. నేను మనిషినే గదా. ఇంకేంది లొల్లి?" అన్నారు. దానితో లొల్లి రెట్టింపయింది. గోడ గడియారం చూశాను. సరిగ్గా మూడు. రెండు సంఘాల ఆడవాళ్ళం అరుస్తూనే ఉన్నాం. ఒక్కరు మోకరించలేదు. ఒక్కరు "ఆమేన్" అనలేదు.

ఆ పది నిమిషాలూ దేవుని ఎదుట మౌనంగా నిలబడినవాళ్ళు మీరే. కెప్టెన్ గారికి నువ్వే చెప్పు. ఉన్నది ఉన్నట్టే చెప్పు. ఇక నాకు అబద్ధాలు వద్దు, సగం నిజాలు అసలే వద్దు.

ఎప్పటికీ నీ
అక్క

తా.క. నిన్న సహవాసంలో నీ ఉత్తరం చదివాను. చదవడం అయ్యాక పుష్పలతమ్మ గారు, "పది నిమిషాలు మనం గూడ నోరు మూసుకుందాం. ఫ్యాన్లు బంద్ చేయండి" అన్నారు. ఫ్యాన్లు ఆపారు. మాట్లాడకుండా కూర్చోవడం మాకు ఎంత కష్టమో నీకు తెలుసు. మొదట బయట ఆటోలు వినబడ్డాయి. తరువాత కోచింగ్ సెంటరు మైకు. అది కూడా ఆగాక, గోడ అవతల, ఆడపిల్లల హాస్టల్ వైపు నుంచి, ఎవరో ఏడుస్తున్నారు. గట్టిగా కాదు. ఎవరూ వినరని తెలిసి ఏడ్చే ఏడుపు. పదేళ్ళుగా ప్రతివారం మేము ఆ గోడ పక్కనే పాడుతున్నాం. ఎన్నాళ్ళుగా ఉందో ఆ ఏడుపు.

పది నిమిషాలు కాకముందే పుష్పలతమ్మ గారు లేచారు. ఆమె వెనక నేను, నా వెనక అరుణ. పక్క హాస్టల్ మెట్లెక్కి, ఆ ఏడుపు వినబడే గది తలుపు తట్టాం. లోపల ఏడుపు ఆగిపోయింది. మళ్ళీ తట్టాం. ఏమీ లేదు. మూడోసారి తట్టి, తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాం.

"ఎవరు?" అంది.

పలికింది తమ్ముడూ.